పాత సూపర్‌హీరో కార్టూన్లు: ఈ ఐదింట్లో ముందు ఏది చూడాలి?

పోయిన వేసవి సెలవుల్లో అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, పిల్ల పొద్దున లేచింది మొదలు స్పైడర్-మ్యాన్ అంటోంది. ఇప్పుడొచ్చే వాటిలో ఆ మెరుపులూ అరుపులూ చూస్తుంటే నాకే తల తిరుగుతోంది. పాతవాటిలో మంచిది ఒకటి చెప్పు, అది పెడతాను" అంది.

నా మేనకోడలికి ఏడేళ్ళు. ఒక పేరు చెప్పేసి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ పాతది అంటే ఏ పాతది? 1941 నాటిదా, 1967 నాటిదా, 1992 నాటిదా? వాటి మధ్య ఒక్కో తరం తేడా ఉంది. సరిపడనిది పెడితే పిల్ల పది నిమిషాల్లో లేచి వెళ్ళిపోతుంది, ఇంక పాత కార్టూన్ అంటే దగ్గరికి రాదు. అందుకే "రెండు వారాలు నా దగ్గరికి పంపు" అన్నాను. ఇద్దరం కలిసి చాలా చూశాం. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నవే అయినా, ఏడేళ్ళ పిల్ల పక్కన కూర్చుని చూస్తే ఏది నిలబడిందో, ఏది వాడిపోయిందో బాగా తెలిసింది.

నాకు అర్థమైంది ఇది. ఈ పాత సిరీస్‌లు అన్నీ డబ్బు కొరతలోనో, టైం కొరతలోనో, టీవీ వాళ్ళ ఆంక్షల మధ్యనో తయారైనవే. వాటిలో ఇప్పటికీ నిలబడినవి ఏదో ఒక్క విషయాన్ని గట్టిగా పట్టుకుని, దాని దగ్గర మాత్రం రాజీ పడనివి. ఒకరు కదలికని పట్టుకున్నారు, ఒకరు పాటని, ఒకరు విలన్ గుండెలోని బాధని. ఆ ఒక్కటి మీకు కావలసింది అయితే, మిగతా లోపాలు కంటికి ఆనవు. కాకపోతే ఎంత పేరున్న సిరీస్ అయినా విసుగే.

## ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి

కథ ఎపిసోడ్‌తో ముగుస్తుందా, సాగుతుందా? చిన్న పిల్లలకి, రోజుకి ఇరవై నిమిషాలే దొరికే పెద్దవాళ్ళకి ముగిసే కథలు హాయి. సీరియల్‌లా సాగే కథ కావాలనుకునేవాళ్ళకి అవి ఆనవు.

మాటల మీద ఎంత ఆధారపడుతుంది? దీన్ని చాలామంది పట్టించుకోరు. ఈ సిరీస్‌లు ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి. ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లకి మాటలు ఎక్కువున్నది పెడితే పక్కన కూర్చుని ప్రతి వాక్యం తెలుగులో చెప్పాల్సి వస్తుంది. బొమ్మతోనే కథ నడిపేదైతే ఆ అవసరం రాదు.

బొమ్మ కదలిక ఎలా ఉంది? పాత టీవీ కార్టూన్లలో ఖర్చు తగ్గించడానికి ఒకే బొమ్మని మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళు. కొందరికి అందులోనూ ఒక అందం కనిపిస్తుంది, కొందరికి కళ్ళు నొప్పి పుడతాయి.

ఏది కాలం చెల్లింది? పాతదైనంత మాత్రాన అన్నీ పిల్లల ముందు పెట్టదగ్గవి కావు. యుద్ధకాలంలో తీసినవాటిలో ఇతర జాతుల వాళ్ళని అవమానంగా చూపించినవి ఉన్నాయి. అవి ఏవో ముందే తెలిసి ఉండాలి.

ఎంత భయపెడుతుంది? ఇది పిల్లని బట్టి ఉంటుంది. మా మేనకోడలికి రాక్షస రోబోలంటే భయం లేదు. ముఖం సగం కాలిపోయిన మనిషిని చూస్తే మాత్రం ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు.

| సిరీస్ | కాలం | ఎన్ని | కథ తీరు | మాటలు | నా లెక్కన వయసు |
|---|---|---|---|---|---|
| సూపర్‌మ్యాన్ (ఫ్లైషర్) | 1941–43 | 17 చిన్న సినిమాలు | దేనికదే | చాలా తక్కువ | 5 దాటాక, మొదటి 9 మాత్రమే |
| స్పైడర్-మ్యాన్ | 1967–70 | 52 | దాదాపు దేనికదే | ఓ మోస్తరు | 5 దాటాక |
| బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్ | 1992–95 | 85 | దేనికదే, కొన్ని రెండు భాగాలు | బొమ్మతో సమానంగా | 8 దాటాక |
| ఎక్స్-మెన్ | 1992–97 | 76 | సీరియల్‌లా సాగుతుంది | చాలా ఎక్కువ | 10 దాటాక |
| స్పైడర్-మ్యాన్ | 1994–98 | 65 | రెండో సీజన్ నుంచి సాగే కథ | ఎక్కువ | 7 దాటాక |

'సూపర్ ఫ్రెండ్స్' ఎందుకు లేదని అడిగేవాళ్ళు ఉంటారు. 1973లో హన్నా-బార్బెరా వాళ్ళు మొదలుపెట్టిన ఆ సిరీస్ పేర్లు మార్చుకుంటూ 1985 దాకా నడిచింది. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, వండర్ వుమన్ అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టింది. 1978లో పదమూడు మంది విలన్లు జట్టు కట్టిన సీజన్ వరకు సరదాగా ఉంటుంది. మిగతాది చిన్నప్పుడు చూసినవాళ్ళకి జ్ఞాపకంగా పనికొస్తుంది. ఇవాళ కొత్తగా చూసేవాళ్ళకి నేను చెప్పను.

## సూపర్‌మ్యాన్, 1941: డబ్బంతా కదలికలోకే వెళ్ళింది

మ్యాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ అన్నదమ్ములు. అప్పటికే పొపాయ్, బెట్టీ బూప్ కార్టూన్లతో పేరు తెచ్చుకున్నారు. పారమౌంట్ కంపెనీ వీళ్ళకి సూపర్‌మ్యాన్ అప్పగించినప్పుడు మొదటి సినిమాకి పెట్టిన ఖర్చు దాదాపు 50,000 డాలర్లు. పది నిమిషాల కార్టూన్‌కి ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. 1941 సెప్టెంబరులో థియేటర్లలోకి వచ్చింది, ఆస్కార్ నామినేషన్ కూడా తెచ్చుకుంది.

ఇది టీవీ కోసం తీసినది కాదని గుర్తుంచుకోండి. పెద్ద తెర మీద, సినిమాకి ముందు వేయడానికి తీసినది. అందుకే ఇందులో బొమ్మకి బరువు ఉంటుంది. సూపర్‌మ్యాన్ ఒక ఇనుప దూలాన్ని ఎత్తితే దాని బరువు మన భుజాల మీద పడ్డట్టు అనిపిస్తుంది. నీడలు గోడల మీద పాకుతాయి. రెండో సినిమా 'ది మెకానికల్ మాన్‌స్టర్స్'లో మనిషికి రెండింతలున్న రోబో ఒకటి నగల ప్రదర్శనలోకి నడిచొచ్చి, నగలన్నీ వీపులోని పెట్టెలో వేసుకుని రెక్కలు విప్పి ఎగిరిపోతుంది. మా మేనకోడలు దాన్ని ఒకే సాయంత్రం మూడుసార్లు పెట్టించుకుంది. తెలుగులో నేను చెప్పాల్సి వచ్చింది రెండు మాటలే.

ఇంకో సంగతి. తొలి కామిక్స్‌లో సూపర్‌మ్యాన్ ఎగిరేవాడు కాదు, భవనం మీద నుంచి భవనం మీదికి దూకేవాడు. ఆ దూకడం బొమ్మ కదిలేటప్పుడు బాగా కనిపించలేదు కాబట్టి ఫ్లైషర్ వాళ్ళు అతన్ని ఎగిరేలా చేశారు. ఇవాళ సూపర్‌మ్యాన్ అనగానే మన కళ్ళ ముందు కదిలే బొమ్మకి అసలు రూపం వీటిలోనే కుదిరింది.

గొంతు కూడా వినండి. రేడియోలో సూపర్‌మ్యాన్‌గా నటించిన బడ్ కాలియరే ఇక్కడా మాట్లాడాడు. విలేకరి క్లార్క్ కెంట్‌గా ఉన్నప్పుడు గొంతు సన్నగా ఉంటుంది. బట్టలు మార్చుకునే ఆ ఒక్క వాక్యం మధ్యలో గొంతు బరువుగా కిందికి దిగుతుంది. ఒకే మనిషికి రెండు గొంతులు అనే ఈ పద్ధతి యాభై ఏళ్ళ తర్వాత బ్యాట్‌మ్యాన్‌లో మళ్ళీ వినిపిస్తుంది.

లోపాలు చెప్పాలి. కథ అన్నిటిలో ఒకటే: ఆపద వస్తుంది, లోయిస్ లేన్ వార్త కోసం అందులోకి దూకుతుంది, సూపర్‌మ్యాన్ వచ్చి కాపాడతాడు. వరసగా నాలుగు చూస్తే ఐదోది ముందే తెలిసిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది, మొదటి తొమ్మిది ఫ్లైషర్ స్టూడియోలో తీసినవి. తర్వాత ఆ స్టూడియో వాళ్ళ చేతుల్లోంచి పోయి, పేరు మారిన స్టూడియోలో మిగతా ఎనిమిది తయారయ్యాయి. యుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో వాటిలో కొన్ని జపనీయుల్ని, ఆఫ్రికా వాళ్ళని హీనంగా గీసిన ప్రచార చిత్రాలు. పదోది పేరే జపనీయుల మీద తిట్టు. పెద్దవాళ్ళు చరిత్ర తెలుసుకోవడానికి చూడొచ్చు. పిల్లల ముందు పెట్టొద్దు. మొదటి తొమ్మిదిలో కూడా 'ఎలక్ట్రిక్ ఎర్త్‌క్వేక్'లో విలన్ అమెరికా మూలవాసి. తన జనం భూమి తిరిగిమ్మని అడగడమే అతని నేరంలా కథ నడుస్తుంది. దాన్ని చూశాక పిల్లతో కాసేపు మాట్లాడటం మంచిది.

వీటి కాపీరైట్ ఎప్పుడో పోయింది కాబట్టి ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. రంగు వెలిసిన కాపీలే ఎక్కువ. రెండు మూడు చోట్ల చూసి, బాగు చేసిన ప్రింట్ ఎంచుకోండి. ఆ తేడా చాలా పెద్దది.

## స్పైడర్-మ్యాన్, 1967: పాట ఉంది, డబ్బు లేదు

రెండు స్పైడర్-మ్యాన్‌లు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు వేలెత్తి చూపించుకునే బొమ్మ మీ ఫోన్‌లోకి ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో. ఎన్నికలప్పుడు, సినిమా రిలీజులప్పుడు, ఆఫీసు గ్రూపుల్లో తప్పు ఎవరిదని తేలనప్పుడు తెలుగువాళ్ళు దాన్ని వాడినంతగా ఎవరైనా వాడారా అనిపిస్తుంది. అది ఈ సిరీస్‌లోదే. 'డబుల్ ఐడెంటిటీ' అనే ఎపిసోడ్‌లో ఒక మోసగాడు స్పైడర్-మ్యాన్ వేషం వేసుకొస్తాడు.

ఈ సిరీస్‌లో స్పైడర్-మ్యాన్ బట్టల మీద సాలెగూడు గీతలు గమనించండి. ముసుగు మీద, చేతి తొడుగుల మీద, బూట్ల మీద తప్ప ఒంటి మీద ఉండవు. ప్రతి బొమ్మలో అన్ని గీతలు గీయడానికి డబ్బు లేక వదిలేశారు. మొదటి సీజన్ తీసిన గ్రాంట్‌రే-లారెన్స్ స్టూడియో దివాలా తీసింది. తర్వాతి రెండు సీజన్లకి రాల్ఫ్ బక్షీ వచ్చాడు. డబ్బు ఇంకా తగ్గింది. ఊగే బొమ్మలు అవే, పరుగెత్తే బొమ్మలు అవే, కొన్నిచోట్ల వేరే కార్టూన్‌లోని బొమ్మల్నే తెచ్చి అతికించారు.

మరి ఎందుకు నిలిచింది? నా మటుకు నాకు రెండు కారణాలు. ఒకటి టైటిల్ పాట. బాబ్ హారిస్ బాణీ, పాల్ ఫ్రాన్సిస్ వెబ్‌స్టర్ మాటలు. ఒక్కసారి వింటే వారం రోజులు నోట్లో నానుతుంది. రెండోది బక్షీ సీజన్లలోని ఆకాశాలు. హీరో కదలడు, కానీ వెనకాల న్యూయార్క్ ఆకాశం ఊదా, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో నీళ్ళ రంగుల చిత్రంలా పరుచుకుని ఉంటుంది. వెనకాల జాజ్ సంగీతం. కథ పక్కన పెట్టి ఆ రంగులు, ఆ సంగీతం మాత్రమే చూసినా ఒక రాత్రి హాయిగా గడుస్తుంది.

ఐదారేళ్ళ పిల్లలకి ఇది బాగానే నచ్చుతుంది. పదేళ్ళ వాళ్ళకి మాత్రం బొమ్మ కదలకపోవడం పెద్ద అడ్డంకి. మొదటి సీజన్‌లోంచి ఐదారు చూసి, రెండో సీజన్‌లోంచి రెండు మూడు చూస్తే సరిపోతుంది. మొత్తం 52 చూడమని ఎవరికీ చెప్పను. మూడో సీజన్‌లో పాత ముక్కలు కలిపి కుట్టినవి చాలా ఉన్నాయి.

## బ్యాట్‌మ్యాన్, 1992: విలన్ కూడా ఏడుస్తాడు

ఎవరైనా ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ కలిసి దీన్ని తయారు చేశారు. మామూలుగా తెల్ల కాగితం మీద వెనకటి దృశ్యాలు గీస్తారు. వీళ్ళు నల్ల కాగితం మీద గీయించారు. అంటే చీకటి ముందే ఉంది, అందులోకి వెలుగుని మాత్రమే దించారు. అందుకే గోథమ్ నగరంలో వీధి దీపం వెలిగితే ఆ వెలుగు విలువైనదిగా కనిపిస్తుంది. కార్లు 1940ల నాటివి, టీవీలు నలుపు తెలుపువి, పోలీసులు గాలి ఓడల్లో తిరుగుతారు, అయినా బ్యాట్‌మ్యాన్ దగ్గర కంప్యూటర్ ఉంటుంది. ఏ కాలమో చెప్పలేని ఈ ఏర్పాటే సిరీస్‌కి వయసు రాకుండా కాపాడింది. ఫ్లైషర్ సూపర్‌మ్యాన్‌ని వీళ్ళు దగ్గర పెట్టుకుని చూశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నీడలు ఎక్కడి నుంచి వచ్చాయో మీకే తెలుస్తుంది.

గొంతుల విషయంలో దీనికి సాటి లేదు. కెవిన్ కాన్‌రాయ్ ముసుగు లేనప్పుడు బ్రూస్ వేన్‌గా తేలిగ్గా మాట్లాడి, బ్యాట్‌మ్యాన్‌గా మాట్లాడేటప్పుడు గొంతు అడుక్కి దించుతాడు. 2022లో ఆయన చనిపోయినప్పుడు చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి పోయినట్టు బాధపడ్డాను. జోకర్‌కి గొంతిచ్చింది మార్క్ హామిల్. స్టార్ వార్స్‌లో ల్యూక్ స్కైవాకర్‌గా ప్రపంచమంతా ఎరిగిన నటుడు, ఇక్కడ ఆ నవ్వు వింటే ఆయనే అని నమ్మడం కష్టం.

కానీ ఇది నిలిచింది బొమ్మ వల్లా, గొంతు వల్లా మాత్రమే కాదు. 'హార్ట్ ఆఫ్ ఐస్' అనే ఎపిసోడ్ తీసుకోండి. మిస్టర్ ఫ్రీజ్ అంతకుముందు కామిక్స్‌లో మంచు తుపాకీ పట్టుకు తిరిగే మామూలు దొంగ. రచయిత పాల్ డీనీ అతనికి ఒక భార్యని ఇచ్చాడు. ఆమెకి నయం కాని జబ్బు. మందు దొరికేదాకా ఆమెని గడ్డకట్టించి బతికించుకోవాలని ఆ శాస్త్రవేత్త ప్రయత్నిస్తుంటే, ఖర్చు ఎక్కువైందని కంపెనీ యజమాని వచ్చి అన్నీ ఆపించేస్తాడు. ఆ గొడవలో శాస్త్రవేత్త రసాయనాల్లో పడి, చలిలో తప్ప బతకలేని మనిషి అవుతాడు. పగ తీర్చుకోవడానికి వస్తాడు. ఆ యజమాని బయట అందరి ముందూ దయాగుణానికి సన్మానాలు అందుకుంటుంటాడు. ఇరవై రెండు నిమిషాల పిల్లల కార్టూన్ ఇది. చివర్లో జైలు గదిలో ఒక చిన్న గాజు బొమ్మని పట్టుకుని అతను భార్యని క్షమించమని అడుగుతుంటే, కిటికీ బయట బ్యాట్‌మ్యాన్ మౌనంగా నిలబడి ఉంటాడు. ఈ రచనకి ఎమ్మీ అవార్డు వచ్చింది. తర్వాత కామిక్స్ వాళ్ళే తమ మిస్టర్ ఫ్రీజ్ కథని ఇలా మార్చుకున్నారు.

ఆ ఎపిసోడ్‌లోనే బ్యాట్‌మ్యాన్‌కి జలుబు. ఇంట్లో మనకి మిరియాల చారు పెట్టినట్టు ఇంటి నౌకరు ఆల్‌ఫ్రెడ్ అతనికి ఫ్లాస్కులో కోడి సూపు పోసి పంపిస్తాడు. చివరికి ఫ్రీజ్‌ని ఓడించేది ఆ వేడి సూపే. మా మేనకోడలు అప్పటిదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నదల్లా అక్కడ చప్పట్లు కొట్టింది. రెండు నిమిషాల తర్వాత గాజు బొమ్మ దగ్గర నిశ్శబ్దంగా నా చెయ్యి పట్టుకుంది. "వాళ్ళావిడ లేస్తుందా మామయ్యా?" అని అడిగింది. ఏమని చెప్పాలో నాకు తెలియలేదు.

పాత కార్టూన్లంటే ఇష్టమున్నవాళ్ళు తప్పకుండా చూడాల్సింది 'బివేర్ ది గ్రే గోస్ట్'. బ్రూస్ వేన్ చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని టీవీలో ఒక ముసుగు వీరుడి సీరియల్ చూసేవాడు. ఆ వీరుడి వేషం వేసిన నటుడు ఇప్పుడు పని లేక, తన పాత వస్తువులు అమ్ముకుని బతుకుతుంటాడు. ఆ ముసలి నటుడికి గొంతిచ్చింది ఆడమ్ వెస్ట్. 1966 నాటి టీవీ సీరియల్‌లో బ్యాట్‌మ్యాన్ వేషం వేసింది ఆయనే. ఒకచోట బ్యాట్‌మ్యాన్ ఆ ముసలాయన్ని తన గుహలోకి తీసుకెళ్ళి, తను చిన్నప్పటి నుంచి దాచుకున్నవి చూపిస్తాడు. మనం ఎందుకు ఇంకా పాతవి పట్టుకుని కూర్చుంటామని ఎవరైనా అడిగితే, ఆ ఎపిసోడ్ చూపించండి చాలు.

హార్లీ క్విన్ పుట్టింది కూడా ఇక్కడే. కామిక్స్‌లో లేని పాత్రని జోకర్ పక్కన ఒక ఎపిసోడ్ కోసం రాసుకున్నారు. జనానికి నచ్చింది, ఉండిపోయింది, తర్వాత కామిక్స్‌లోకీ సినిమాల్లోకీ వెళ్ళింది.

లోపం లేదా? ఉంది. బొమ్మల పని జపాన్, కొరియాలలోని వేర్వేరు స్టూడియోలకి పంచారు కాబట్టి నాణ్యత ఎపిసోడ్‌కొకలా ఉంటుంది. కొన్ని కథలు చప్పగా ఉంటాయి, 85లో అది తప్పదు. పిల్లలకి అసలు సమస్య భయం. ముఖం సగం కాలిన టూ-ఫేస్ రెండు భాగాలు, స్కేర్‌క్రో, క్లేఫేస్ అనే విలన్లు వచ్చేవి పదేళ్ళ లోపు వాళ్ళ ముందు పెట్టొద్దు. లైటు ఆర్పనివ్వని రాత్రి మాకు వచ్చింది టూ-ఫేస్ వల్లే. ముందు నేనొక్కడినే ఒకసారి చూసుకుని పెట్టి ఉండాల్సింది.

## ఎక్స్-మెన్, 1992: వెలివేసిన వాళ్ళ కథ

బ్యాట్‌మ్యాన్ వచ్చిన కొన్ని వారాలకే, అదే ఛానెల్‌లో, శనివారం పూట పిల్లల కోసం ఇదీ మొదలైంది. రెండూ ఒకేలాంటివి అనుకుంటే పొరపాటు. బ్యాట్‌మ్యాన్ ఒక మనిషి కథని ఒక ఎపిసోడ్‌లో చెప్పి ముగిస్తుంది. ఎక్స్-మెన్ ఒక గుంపు కథని ఐదు సీజన్లు లాగుతుంది.

పుట్టుకతో వచ్చిన శక్తులున్న వాళ్ళని జనం భయపడి దూరం పెడతారు. ప్రభుత్వం వాళ్ళ పేర్లు నమోదు చేయిస్తుంది, పెద్ద రోబోల్ని మీదికి పంపుతుంది. ఆ మనుషుల్లో ఒకాయన అందరితో కలిసి బతకాలంటాడు, ఇంకొకాయన మనల్ని మనమే కాపాడుకోవాలి అంటాడు. ఇద్దరూ పాత స్నేహితులు. వెలి అనే మాటకి అర్థం తెలిసిన మన ప్రాంతాల వాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. తొలి కథలోనే బృందంలో ఒకడు చనిపోతాడు, ఇంకొకడు జైలుకి వెళ్ళి కొన్ని ఎపిసోడ్ల పాటు అక్కడే ఉంటాడు. 1992లో పిల్లల కార్టూన్‌లో అలా చేయడానికి ధైర్యం కావాలి.

బొమ్మ మాత్రం బలహీనం. మనుషులు బిగుసుకుపోయినట్టు కదులుతారు, పోరాటాలు తడబడతాయి. మాటలు చాలా ఎక్కువ, అవీ అరుస్తూ. పాత్రలు ఎక్కువ కాబట్టి మొదటి మూడు ఎపిసోడ్లు ఎవరెవరో గుర్తుపట్టడానికే పోతాయి. నాలుగో ఐదో దాటాక పట్టుకుంటుంది. ఐదు భాగాల 'ఫీనిక్స్ సాగా' దగ్గరికి వచ్చేసరికి ఆపలేరు.

దీనికి ఇంకో లాభం ఉంది. 2024లో 'ఎక్స్-మెన్ '97' పేరుతో కథని ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. బృందంలోని వుల్వరీన్‌కి పాత గొంతు కాల్ డాడ్‌దే. బొమ్మ ఇప్పటి ప్రమాణాల్లో ఉంటుంది. పాతది చూడకుండా కొత్తది చూస్తే సగమే అందుతుంది.

## స్పైడర్-మ్యాన్, 1994: కాలేజీ కుర్రాడి టెన్షన్లు

స్పైడర్-మ్యాన్ ముసుగు తీస్తే పీటర్ పార్కర్ అనే కుర్రాడు. అతను అద్దె కట్టాలి, పెద్దమ్మ ఆరోగ్యం చూసుకోవాలి, క్లాసుకి లేటవ్వకూడదు, మధ్యలో ఊరిని కాపాడాలి. ఆ టెన్షన్‌ని బాగా పట్టుకున్నది ఈ సిరీస్. మనసులో మాటలన్నీ పైకి వినిపిస్తూ ఉంటాయి, అందుకే పిల్లలు త్వరగా అతనికి దగ్గరవుతారు.

టీవీ వాళ్ళ ఆంక్షలు దీన్ని బాగా ఇబ్బంది పెట్టాయి. హీరో పిడికిలితో సూటిగా కొట్టడం దాదాపు కనిపించదు. తుపాకులన్నీ లేజర్లే. రక్తం తాగే మోర్బియస్ ఇక్కడ 'ప్లాస్మా' కావాలంటాడు, అదీ అరచేతులతో పీలుస్తాడు. పెద్దవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. ఏడేళ్ళ పిల్ల తల్లిదండ్రులకి అదే ధైర్యం. ఎడిటింగ్ తొందర తొందరగా సాగుతుంది, పాత ముక్కలు మళ్ళీ కనిపిస్తాయి. చివరి ఎపిసోడ్‌లో తను ప్రేమించిన మేరీ జేన్‌ని వెతకడానికి బయలుదేరతాడు, ఆమె దొరికిందో లేదో చూపించకుండానే సిరీస్ ఆగిపోయింది. ముగింపు కావాలనుకునే వాళ్ళకి ఆ బాధ తప్పదు.

## ఎవరికి ఏది

ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలున్న ఇల్లు. సూపర్‌మ్యాన్ మొదటి తొమ్మిదితో మొదలుపెట్టండి, రోజుకి ఒకటే. తర్వాత, ఏడేళ్ళు వచ్చాక, 1994 స్పైడర్-మ్యాన్. బ్యాట్‌మ్యాన్‌ని ఎనిమిదో ఏడు దాకా దాచిపెట్టినా నష్టం లేదు. తొందరపడి భయపెడితే ఆ సిరీస్ మీదే అయిష్టం పుడుతుంది.

మార్వెల్ సినిమాలు చూసి వచ్చిన టీనేజర్. ఎక్స్-మెన్. బొమ్మ గురించి ముందే చెప్పండి, నాలుగు ఎపిసోడ్లు ఓపిక పట్టమనండి. సీరియల్‌లా సాగే కథకి అలవాటైన వాళ్ళకి బ్యాట్‌మ్యాన్ మొదట్లో విడివిడిగా అనిపిస్తుంది.

2000ల మొదట్లో కార్టూన్ నెట్‌వర్క్‌లో జస్టిస్ లీగ్ చూసి పెరిగినవాళ్ళు. మీరు చూసిన బ్యాట్‌మ్యాన్ ఇక్కడి నుంచే వచ్చాడు. అదే బ్రూస్ టిమ్, అదే కెవిన్ కాన్‌రాయ్. వరస చూసుకోకుండా 'హార్ట్ ఆఫ్ ఐస్' పెట్టుకోండి.

బొమ్మలు గీసేవాళ్ళు, యానిమేషన్ నేర్చుకుంటున్నవాళ్ళు. ఫ్లైషర్, బ్యాట్‌మ్యాన్ రెండూ పక్కపక్కన. ఆ తర్వాత 1967 స్పైడర్-మ్యాన్ రెండో సీజన్. చేతిలో డబ్బు లేనప్పుడు రంగుతో, సంగీతంతో ఎంతవరకు లాక్కురావచ్చో అందులో ఉంది. హైదరాబాద్ స్టూడియోల్లో పని చేయాలనుకునే కుర్రాళ్ళకి గడువు, బడ్జెట్ అనే మాటలు మొదటి రోజు నుంచే ఎదురవుతాయి కాబట్టి ఇది పుస్తకంలో దొరకని పాఠం.

అమెరికాలో మనవల దగ్గరికి వెళ్ళిన అమ్మమ్మలు, తాతయ్యలు. పిల్లలకి తెలుగు అంతంతమాత్రం, పెద్దవాళ్ళకి ఆ ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరూ కలిసి చూడాలంటే మాటలు తక్కువ ఉన్న 1941 సూపర్‌మ్యాన్‌ని మించింది లేదు. కథ పిల్లలే మీకు తెలుగులో చెబుతారు, వచ్చీరాని తెలుగైనా సరే చెప్పనివ్వండి.

రాత్రి భోజనం అయ్యాక అరగంట మాత్రమే ఖాళీ ఉన్నవాళ్ళు. బ్యాట్‌మ్యాన్, వరసతో పని లేకుండా. ఈ క్రమంలో ఒక వారం: 'హార్ట్ ఆఫ్ ఐస్', 'బివేర్ ది గ్రే గోస్ట్', విలన్లంతా పేకాట బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకునే 'ఆల్మోస్ట్ గాట్ ఇమ్', అమ్మానాన్నలు బతికే ఉన్న ప్రపంచంలో బ్రూస్ నిద్రలేచే 'పర్‌చాన్స్ టు డ్రీమ్', 'రాబిన్స్ రెకనింగ్' రెండు భాగాలు. ఇది అయ్యాక కూడా పట్టుకోకపోతే ఈ సిరీస్ మీది కాదు, నిశ్చింతగా ఎక్స్-మెన్‌కి వెళ్ళిపోండి.

మా అక్కకి చివరికి నేను రాసిచ్చిన చీటీలో ఉన్నవి ఇవి: సూపర్‌మ్యాన్ తొమ్మిది, 1994 స్పైడర్-మ్యాన్ మొదటి సీజన్, బ్యాట్‌మ్యాన్ ఏడు ఎపిసోడ్లు, పక్కన పెద్దవాళ్ళు కూర్చుంటేనే. కింద మేనకోడలు పెన్సిల్‌తో ఇంకో లైను రాసుకుంది: "సూపు తాగే బ్యాట్‌మ్యాన్, మళ్ళీ."